ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేమ్ మన ఆటతీరుకు సరిపడుతుందో లేదో ముందే తెలుసుకోవడం ఎలా?

డబ్బు పెట్టకముందే ఈ సంగతి తేల్చుకోవడం ఎలాగని అడిగారు. గ్రాఫిక్స్, కథ, ఏ క్లాస్ (పాత్ర రకం) బలమైనదన్న చర్చ, ఇవేవీ ఇందుకు అక్కరకు రావని నా గట్టి నమ్మకం. మన కోసం జట్టులో మరికొందరు ఎదురుచూస్తున్నారన్న ఒత్తిడి మనలో హుషారు పుట్టిస్తుందా, ఆటంటేనే విసుగు పుట్టిస్తుందా అన్నది ముందు చూసుకోవాలి.

తిరుపతి బైరాగిపట్టెడలో ఉండే మా పిన్ని కొడుకు ఫైనల్ ఫాంటసీ 14 అనే ఇలాంటి ఆట ఆడుతాడు. స్నేహితుల బలవంతం మీద ట్యాంక్ పాత్ర తీసుకున్నాడు. నలుగురి జట్టులో ట్యాంక్ ఒక్కడే ఉంటాడు; శత్రువుల దెబ్బలన్నీ తన మీదికి లాక్కుంటూ ముందు నడవాల్సినవాడు అతడే కాబట్టి, అతడు ఆగితే మిగతా ముగ్గురూ ఆగిపోవలసిందే. ఒక సాయంత్రం నేను పక్కన కూర్చుని చూస్తుండగా, వాడు డంజన్ (జట్టుగా దాటాల్సిన ఘట్టం) చివర్లో వచ్చే పెద్ద శత్రువు, అంటే బాస్‌తో పోరాడుతున్న సమయంలో, పిన్ని వంటింట్లోంచి “నీళ్లు వదిలినారు, మోటారు వెయ్ నాయనా” అని కేకేసింది. వాడు లేవలేదు, అలాగని ఆట మీదా మనసు నిలపలేకపోయాడు. తల అటు తిప్పిన క్షణంలో ట్యాంక్ కూలిపోయాడు, ఆ వెంటనే జట్టు గాయాలు మాన్పే హీలర్, తరువాత మిగిలిన ఇద్దరూ పడిపోయారు. నేను మోటారు వేసి వచ్చేసరికి వాడి అరచేతులు చెమటతో తడిసి ఉన్నాయి, ముఖంలో ఆడిన సంతోషం ఇసుమంతైనా లేదు. అదే పిల్లవాడు అదే ఆటలో లిమ్సా లొమిన్సా రేవులో గాలం వేసుకుని కూర్చున్నప్పుడు, భోజనానికి పిలిస్తే హాయిగా లేచి వచ్చి, తిని, మళ్లీ వెళ్లి కూర్చుంటాడు. చేపలు పట్టడం కూడా అక్కడ లెవెళ్లున్న వృత్తే.

ఆటగాళ్లను సాధకులు, అన్వేషకులు, స్నేహశీలురు, పోరాటగాళ్లు అని ఆటల పరిశోధకుడు రిచర్డ్ బార్టిల్ 1996లో నాలుగు రకాలుగా విభజించాడు. విభజన బాగానే ఉంది కానీ, మనం ఎంతసేపు నిరాటంకంగా కూర్చోగలమో అది చెప్పదు. పదిమంది మసలే ఇంట్లో అదే అసలు లెక్క. రోజంతా ఆడడమే ఉద్యోగమైన స్ట్రీమర్లు ఒక ఆటలో సరుకు లేదని తీర్పు చెప్పగానే మన పిల్లలు అదే వేదవాక్కుగా తీసుకోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఫైనల్ ఫాంటసీ 14 ఉచిత ట్రయల్‌ను 2023 అక్టోబరులో 70వ లెవెల్ దాకా పెంచారు, రోజుల గడువు కూడా లేదు కాబట్టి, ట్యాంక్, హీలర్, దాడి పాత్రలు మూడింటినీ డంజన్లలో పరీక్షించుకోవచ్చు. అయితే ట్రయల్‌లో, ఆటగాళ్లు సరుకులు అమ్ముకుని కొనుక్కునే మార్కెట్ బోర్డు వాడనివ్వరు, కనుక ఆటలో వ్యాపారం మీద మోజున్నవారికి ఆ రుచి తెలియదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఉచిత ఆట 20వ లెవెల్‌తో ఆగిపోతుంది. పెద్ద జట్లు కలిసి చేసే రెయిడ్ల సంగతి అంతలో తేలదు. పరీక్షల కోసం నెలల తరబడి మానేయవలసినవారు 2012లో వచ్చిన గిల్డ్ వార్స్ 2 చూడండి: నెలవారీ చందా లేదు, మూల ఆట 2015 నుంచి ఉచితం, గరిష్ఠ లెవెల్ మొదటి నుంచీ 80 దగ్గరే ఉంది కాబట్టి, కష్టపడి సంపాదించిన మేటి ఆయుధం మీరు తిరిగి వచ్చాక కూడా మేటిదిగానే ఉంటుంది.