పేరు మారిన ఓడ

చిట్టితల్లికి,

పెద్దనాన్న ఆశీస్సులు. రష్యా మీద పెట్టిన ఆంక్షలను బట్టి బ్యాంకు చెల్లింపులు తనిఖీ చేసే ఉద్యోగంలో చేరి మూడు వారాలైందనీ, ఎక్కడెక్కడి చెల్లింపులో హైదరాబాదులోని నీ తెర మీదకు వచ్చి నిలబడుతున్నాయనీ, ఆపాలో వదలాలో తేల్చలేక నిద్రలో కూడా రష్యన్ పేర్లే వస్తున్నాయనీ రాశావు. చివర్లో, "ఇంత చేసినా యుద్ధం ఆగలేదు కదా, మరి ఇదంతా ఎందుకు?" అని అడిగావు. నాకు తెలిసినంత చెబుతాను. కానీ ముందే ఒక మాట. నీ దగ్గరకు వచ్చిన ఖాతాదారుల పేర్లు, కేసుల వివరాలు నాకు రాయకు. ఈ ఉత్తరంలో ఒకటి రాశావు. అది చింపేశాను.

ఆంక్షల ఉత్తర్వు చేతికి రాగానే అందరూ నిషేధాల జాబితా మీద పడతారు. నువ్వు దాన్ని వెనక నుంచి చదువు. మినహాయింపులు, గడువు తేదీలు, ప్రత్యేక అనుమతులు ఉన్న పేజీలు ముందు చూడు. విధించినవాడికి ఎక్కడ నొప్పి పుడుతుందో ఆ పేజీల్లోనే కనిపిస్తుంది. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీదకు వెళ్లింది. మార్చి 12 నుంచి ఐరోపా సమాఖ్య ఏడు రష్యన్ బ్యాంకులను స్విఫ్ట్ నుంచి, అంటే దేశాల మధ్య బ్యాంకులు చెల్లింపుల సందేశాలు పంపుకునే వ్యవస్థ నుంచి తప్పించింది. ఆర్థిక అణ్వస్త్రం వేశారని పేపర్లన్నీ రాశాయి. ఆ ఏడింటిలో రష్యాలోకెల్లా పెద్దదైన స్బెర్‌బ్యాంకు లేదు, గాజ్‌ప్రోమ్‌బ్యాంకూ లేదు. ఎందుకంటే ఐరోపా తన ఇళ్లు వెచ్చగా ఉంచుకునే గ్యాసుకు డబ్బు కట్టాల్సింది వాటి ద్వారానే. స్బెర్‌బ్యాంకు వంతు ఆ జూన్‌లో వచ్చింది. గాజ్‌ప్రోమ్‌బ్యాంకును అమెరికా పూర్తిగా జాబితాలో పెట్టింది 2024 నవంబరులో, అంటే యుద్ధం మొదలై రెండున్నరేళ్లు దాటాక.

ఇది కొత్త వింత కాదు. 1935లో ఇటలీ అబిసీనియా (నేటి ఇథియోపియా) మీద దాడి చేస్తే నానాజాతి సమితి ఆంక్షలు పెట్టింది. ఆ జాబితాలో చాలా వస్తువులున్నాయి గానీ చమురు లేదు. సూయజ్ కాలువనూ మూయలేదు. మరుసటి ఏడాది మే నెలలో దాని రాజధాని ఆడిస్ అబాబా పడిపోయింది, జులైలో ఆంక్షలు ఎత్తేశారు. జాబితా ఎంత పొడుగుందో చూసి మోసపోవద్దని, నేను బ్యాంకులో పనిచేసే రోజుల్లో మా పాత మేనేజరు చెప్పేవాడు. ఏది రాయలేదో చూడమనేవాడు.

చమురు ధర పరిమితి కూడా ఆ బాపతే. 2022 డిసెంబరు 5 నుంచి జీ7 దేశాలు, ఐరోపా సమాఖ్య, ఆస్ట్రేలియా కలిసి పీపాకు 60 డాలర్ల గీత గీశాయి. అంతకు మించి ధరకు కొన్న రష్యన్ చమురుకు తమ ఓడలు, తమ బీమా ఇవ్వబోమన్నాయి. చమురు ఆగకూడదు, రష్యాకు వచ్చే డబ్బు మాత్రం తగ్గాలి. అదీ లెక్క. యుద్ధానికి ముందు మన దేశం కొనే చమురులో రష్యా వాటా రెండు శాతం లోపే ఉండేది. తర్వాత మూడో వంతును దాటింది. మనవాళ్లు దొంగచాటుగా కొన్నారని నీ సహోద్యోగులు ఎవరైనా అంటే, గీతకు లోబడి కొనడాన్ని ఆపని ఆ నియమాన్ని ఒకసారి చదవమను. రష్యా మాత్రం పాత ఓడలు పోగేసి, అరకొర బీమాతో తన సొంత నౌకాదళం లాంటిదొకటి కట్టుకుంది. దాని సంగతికి మళ్లీ వస్తాను.

రెండో అలవాటు, పేరు దగ్గర ఆగిపోకపోవడం. నీ కంప్యూటర్ పేర్లు పోల్చి ఎర్రదీపం వెలిగిస్తుంది, అంతకు మించి దానికి తెలియదు. జాబితాలో ఉన్నవాళ్లందరికీ కలిపి సగం లేదా అంతకు మించి వాటా ఉంటే ఆ సంస్థ పేరు జాబితాలో లేకున్నా నిషేధంలోకే వస్తుందని అమెరికా నియమం. గుజరాత్‌లోని వాడినార్ చమురు శుద్ధి కర్మాగారం నడిపే నయారాలో రష్యా ప్రభుత్వ చమురు సంస్థ రోస్‌నెఫ్ట్ వాటా 49.13 శాతం. ఆ అంకె మొదటిసారి చూసినప్పుడు నవ్వు వచ్చింది. అయితే 2025 జులై 18న ఐరోపా సమాఖ్య వాటాల లెక్కతో పని లేకుండా నయారాను పేరు పెట్టి జాబితాలో చేర్చింది. కాబట్టి సగం వాటా లెక్క నీకు మొదటి మెట్టు మాత్రమే.

ఇక ఓడలు. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. 2009 ప్రాంతంలో గుంటూరు మిర్చి వ్యాపారి ఒకాయన దుబాయికి సరుకు పంపాడు. కాగితాలు నా బల్ల మీదకు వచ్చాయి. ఎల్‌సీ (కొనేవాడి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) సరిగా ఉంది, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కిందనే రసీదు) సరిగా ఉంది, ఓడ పేరు నిషేధ జాబితాలో లేదు. సంతకం చేసి పంపేశాను. డాలర్ల చెల్లింపు న్యూయార్కు బ్యాంకుల మీదుగానే రావాలి, అది అక్కడే ఆగిపోయింది. అంతకు ముందే ఇరాన్ నౌకా సంస్థను అమెరికా నిషేధించింది. వాళ్లు ఓడలకు రంగులు వేసి, పేర్లు మార్చి, జెండాలు మార్చి తిప్పుతున్నారు. ఓడకు పేరు ఎన్నిసార్లైనా మారుతుంది. దానికి పుట్టినప్పుడు ఇచ్చే ఏడంకెల ఐఎంఓ (అంతర్జాతీయ సముద్రయాన సంస్థ) నంబరు మాత్రం తుక్కుగా కొట్టేదాకా మారదు. ఆ నంబరు జాబితాలో ఉంది. నేను పేరు చూశాను, నంబరు చూడలేదు. ఆ వ్యాపారికి నాలుగు నెలలు డబ్బు రాలేదు. రైతులకు చెల్లించడానికి ఆయన ఏం తాకట్టు పెట్టాడో నాకు తెలుసు, ఇక్కడ రాయలేను. నీ తెర మీదకు వచ్చే రష్యన్ చమురు ఓడలదీ ఇదే ఎత్తు.

వస్తువు ఏమిటో, ఏ దారిన పోతోందో కూడా చూడు. 2022 తర్వాత కిర్గిజ్‌స్తాన్, ఆర్మేనియా లాంటి చిన్న దేశాలకు ఐరోపా నుంచి ఎగుమతులు ఒక్కసారిగా పెరిగాయి. అక్కడి జనానికి ఒక్కసారిగా అన్ని యంత్రాలు అవసరమయ్యాయా, లేక అవి అటు నుంచి రష్యాకు పోతున్నాయా? రష్యన్ క్షిపణుల్లో, డ్రోన్లలో దొరికిన విడిభాగాలను బట్టి పాశ్చాత్య దేశాలు 50 కస్టమ్స్ కోడ్‌ల జాబితా చేశాయి. అందులో 8542తో మొదలయ్యేవి చిప్‌లు. ఆ నాలుగు అంకెలు కంఠస్థం చెయ్యి. ఇన్వాయిస్‌లో "విడిభాగాలు" అని మాత్రమే ఉండి కోడ్ లేకపోతే అడుగు. కొనేవాడు నిన్నమొన్న పుట్టిన సంస్థ అయితే రెండుసార్లు అడుగు.

వెళ్లిపోయామని చెప్పే కంపెనీల విషయంలో క్రియాపదం చూడమంటాను. "ఆపుతున్నాం", "పెట్టుబడులు నిలిపివేస్తున్నాం", "సమీక్షిస్తున్నాం", "అమ్మేశాం" అన్నవి నాలుగు వేరువేరు సంగతులు. యేల్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ సోనెన్‌ఫెల్డ్ బృందం కంపెనీలకు బళ్లో పిల్లల్లా మార్కులు వేసింది ఇందుకే. మెక్‌డొనాల్డ్స్ మాస్కోలో మొదటి హోటలు 1990 జనవరి 31న తెరిచింది. చలిలో వేలమంది వరుస కట్టారు. 2022 మార్చి 8న తాత్కాలికంగా మూస్తున్నామంది, జీతాలు ఇస్తూనే ఉంది. మే 16న వెళ్లిపోతున్నామంది. జూన్ 12న అవే వంటిళ్లలో, అవే పొయ్యిల మీద, "రుచిగా ఉంది, అంతే" అనే అర్థం వచ్చే కొత్త పేరుతో దుకాణాలు తెరుచుకున్నాయి. పదిహేనేళ్ల లోపు తిరిగి కొనుక్కునే హక్కు మాత్రం అమ్మినవారు ఉంచుకున్నారు. ఓడకు పేరు మారినట్టే ఇదీను. రెనో తన లాడా కార్ల కంపెనీ వాటాను ఒక్క రూబుల్‌కు ఇచ్చిందని వార్త, ఆరేళ్ల లోపు తిరిగి కొనుక్కునే వీలుతో. ఆ కంపెనీ ఆ వేసవిలోనే విడిభాగాలు లేక ఎయిర్‌బ్యాగులు లేని కార్లు చేసి అమ్మింది. అంటే దెబ్బ తగలలేదని కాదు.

ఆలస్యం చేసినవాళ్ల గతి వేరు. హైనెకెన్ 2022 మార్చిలో వెళ్తామంది, 2023 ఆగస్టుకు గానీ ఒక్క యూరోకు అమ్మి బయటపడలేదు. కార్ల్స్‌బర్గ్, దనోన్‌ల వ్యాపారాలను ఆ జులైలో రష్యా ప్రభుత్వమే తన అజమాయిషీలోకి తీసుకుంది. ఇప్పుడు వెళ్లాలంటే ఆస్తిని మదింపు ధరలో అరవై శాతం తగ్గించి అమ్మాలి, దాని మీద ఖజానాకు "స్వచ్ఛంద విరాళం" కట్టాలి. ఆ విరాళం ఏ యుద్ధానికి పోతుందో వేరే చెప్పనక్కరలేదు. అందుకే వెళ్లినవాళ్లంతా ధర్మాత్ములు, ఉండిపోయినవాళ్లంతా పాపులు అనే లెక్క నాకు నచ్చదు. ఎప్పుడు వెళ్లారు, ఏం వదిలి వెళ్లారు, ఎవరి చేతిలో పెట్టి వెళ్లారు అని అడిగితే చాలు.

నీ అసలు ప్రశ్నకు వస్తాను. ఆంక్షలతో ట్యాంకులు ఆగవు. రష్యా కేంద్ర బ్యాంకు నిల్వల్లో సుమారు 30,000 కోట్ల డాలర్లు బయటి దేశాల్లో స్తంభించాయి. వాటిలో ఎక్కువ భాగం బ్రస్సెల్స్‌లోని యూరోక్లియర్ అనే, బాండ్లు, షేర్లు భద్రపరిచే సంస్థలో ఉంది. అయినా గవర్నరు ఎల్విరా నబియుల్లినా వడ్డీని రాత్రికి రాత్రి 20 శాతానికి పెంచింది, ఎగుమతిదారుల డాలర్లలో ఎనభై శాతం అమ్మించింది. జూన్ నాటికి రూబుల్ యుద్ధానికి ముందుకంటే బలపడింది. అంతా అయిపోయిందన్నవాళ్లు తప్పు, ఏమీ కాలేదన్నవాళ్లూ తప్పు. 2024 అక్టోబరులో అదే గవర్నరు వడ్డీని 21 శాతానికి తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆ వడ్డీకి మన ఊళ్లో ఎవరైనా ఇల్లు కట్టగలరా? యుద్ధం చేసేవాడికి ప్రతి చిప్ రెండింతల ధరకు, నెల ఆలస్యంగా, నలుగురు దళారుల చేతులు మారి రావాలి. నీ కుర్చీ ఆ ఆలస్యంలో ఒక పావుగంట.

అయితే అడ్డదిడ్డంగా ఆపడం కూడా పని చేయకపోవడమే. రష్యాలో వైద్యం చదివే మన పిల్లలున్నారు. 2022 మార్చి నుంచి వీసా, మాస్టర్‌కార్డ్ అక్కడ సేవలు ఆపేశాయి, మన కార్డులు అక్కడ గీకితే పని చేయవు. తల్లిదండ్రులు పంపే ఫీజు "రష్యా" అన్న మాట కనబడగానే ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటుంది. మందులకు, ఆహారానికి, ఎరువులకు మినహాయింపులు ఉన్నా గుమాస్తా భయపడి ఆపేస్తాడు. ఆపినందుకు ఎవరూ సంజాయిషీ అడగరు మరి. అలాంటిది వస్తే అందుకునే బ్యాంకు జాబితాలో ఉందో లేదో చూడు, కాలేజీ ప్రవేశపత్రం అడుగు, ఎందుకు వదులుతున్నావో మూడు వాక్యాల్లో రాసి పైవాళ్లకు పంపు. పెండింగు అని పెట్టి టీకి వెళ్లకు.

వచ్చే ఆదివారం వస్తావు కదా, నా పాత నోటుపుస్తకం తీసిపెట్టాను. ఆ మిర్చి ఓడ పాత పేరు, కొత్త పేరు, ఏడంకెల నంబరు అందులో ఉన్నాయి. దాని మీద ఎర్ర సిరాతో గీత కూడా ఉంది, అది నేను గీసినది కాదు.

మీ పెద్దనాన్న