మేనమామ కూతురితో పెళ్లి, తలసీమియా: లెక్క ఇలా వేయండి

మీ చెల్లెలికి బీటా తలసీమియా మేజర్ (వంశపారంపర్యంగా వచ్చే తీవ్రమైన రక్తజబ్బు) ఉంది, కడపలో మేనమామ కూతురినే మీకు ఇవ్వాలనుకుంటున్నారు, పుట్టే పిల్లలకు వస్తుందా అని అడిగారు.

చెల్లెలికి వచ్చిందంటే అమ్మానాన్నలిద్దరూ క్యారియర్లే, అంటే జబ్బు లేకపోయినా లోపమున్న జన్యువు ఒకటి మోస్తున్నవాళ్లే. అలాంటి జంటకు పుట్టే బిడ్డకు నాలుగు అవకాశాల్లో ఒకటి జబ్బు; మీకు జబ్బు లేదు కాబట్టి మిగిలిన మూడు అవకాశాల్లో రెండిట్లో మీరు క్యారియర్, అంటే 2/3. ఇక్కడే చాలామంది 1/2 అని వేసేస్తారు. అమ్మకు ఆ జన్యువు మీ అవ్వాతాతల్లో ఒకరి నుంచి వచ్చి ఉంటుంది. కాబట్టి మామకు ఉండే అవకాశం 1/2, ఆయన కూతురికి 1/4. ఇద్దరూ క్యారియర్లయితే బిడ్డకు మేజర్ వచ్చే అవకాశం మళ్లీ 1/4. అన్నీ గుణిస్తే 1/24. దేశంలో క్యారియర్లు సుమారు 3-4 శాతం, కాబట్టి బయటి సంబంధమైతే ఇది దాదాపు 1/170.

మన సీమలో మేనరికం కాదంటే ఇంట్లో ఎంత గొడవో నాకు తెలుసు. అందుకే వాదనకు దిగకుండా, మాట ఇచ్చేలోపే ఇద్దరూ హెచ్‌బి ఏ2 (ఒక రకం హిమోగ్లోబిన్ ఎంత శాతం ఉందో చూసే) రక్తపరీక్ష చేయించుకోండి. సాధారణంగా 3.5 శాతం దాటితే క్యారియర్‌గా అనుమానిస్తారు. ఐరన్ తక్కువుంటే ఆ అంకె తగ్గి కనిపించవచ్చు, డాక్టర్‌కు చెప్పండి. ఒక్కరు క్యారియర్ కాకపోయినా మేజర్ టెన్షన్ దాదాపు లేనట్టే.

ఇద్దరూ క్యారియర్లని తేలితే ఆ 1/4 ప్రతి కాన్పుకూ కొత్తగా వర్తిస్తుంది. మొదటి బిడ్డకు వస్తే తర్వాతి ముగ్గురికీ రాదనుకోవద్దు. గర్భంలో 10-12 వారాలకే మాయ (ప్లాసెంటా) నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించే వీలుంది.