తస్సిలి ఎక్కేవాళ్ల సందేహాలు

అల్జీరియా ఆగ్నేయ మూలన, లిబియా సరిహద్దుకు దగ్గర్లో జానెత్ అనే ఒయాసిస్ పట్టణం ఉంది. దానికి ఎగువన తస్సిలి నాజ్జేర్ పీఠభూమి. సుమారు 72 వేల చదరపు కిలోమీటర్ల ఈ ప్రాంతాన్ని యునెస్కో 1982లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడి కాలినడక గురించి అడిగిన ప్రశ్నల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. చాలామంది ఇసుకకూ ఎండకూ సిద్ధమవుతున్నారు. తస్సిలి మీద నడిచేది ఎక్కువగా రాతి మీద, వణికేది రాత్రిపూట. ముందు ఆ సంగతి గుర్తుంచుకుని సామాను సర్దుకోండి.

ప్రశ్న: మేం నలుగురం. కొండల్లో నడిచిన అనుభవం ఉంది, జీపీఎస్ ఉంది. గైడు లేకుండా వెళ్లొచ్చా?

కుదరదండీ. ఇది జాతీయ పార్కు. స్థానిక పర్యాటక ఏజెన్సీ ద్వారా, టువారెగ్ (అక్కడి ఎడారి జాతి) గైడుతోనే లోపలికి రానిస్తారు. 2023 జనవరి నుంచి దక్షిణ ఎడారికి వచ్చే పర్యాటకులకు విమానాశ్రయంలోనే వీసా ఇచ్చే ఏర్పాటు వచ్చింది. దానికీ ముందుగా ఏజెన్సీయే అనుమతి పత్రం తెప్పించాలి. ఆ కాగితం చేతికి రాకుండా విమానం టికెట్టు కొనకండి. సరిహద్దు దగ్గర కాబట్టి భద్రతా పరిస్థితి ఎప్పటికప్పుడు మారుతుంది. బయలుదేరే వారంలో మీ ప్రభుత్వ ప్రయాణ సూచనలు మరోసారి చూడండి.

నిబంధన సంగతి పక్కనపెట్టినా, పీఠభూమి మీద సెఫార్ అనే రాతి స్తంభాల ప్రాంతంలో జీపీఎస్ పెద్దగా అక్కరకు రాదు. గాలీ నీరూ కోసిన ఇసుకరాతి స్తంభాల మధ్య అన్నీ ఒకేలాంటి సందులు. గమ్యం 300 మీటర్లే అని తెర చూపిస్తుంది, మధ్యలో అడ్డంగా లోయ ఉంటుంది. బృందం నుంచి తప్పిపోతే వెతుక్కుంటూ తిరగకుండా నీడ చూసుకుని అక్కడే ఆగి, మూడేసి సార్లు ఈల ఊదండి. గైడు మీ అడుగుజాడలు పట్టుకుని వస్తాడు. మీరు ఇంకా తిరిగితే జాడలు కలగాపులగమవుతాయి.

డ్రోను, బైనాక్యులర్లు ఇంట్లో వదిలేయండి, కస్టమ్స్‌లో పట్టుకుంటారు. శాటిలైట్ ఫోనుకు విడిగా అనుమతి కావాలి.

ప్రశ్న: రోజుకు ఎన్ని నీళ్లు? అన్నీ మోసుకెళ్లాలా?

ఈ నడక నవంబరు నుంచి మార్చి లోపు చెయ్యాల్సింది. ఆ కాలంలో తాగడానికి మనిషికి రోజుకు మూడు నుంచి నాలుగు లీటర్లు, వంటకూ టీకీ మరో లీటరున్నర లెక్క వేసుకోండి. ఎండ ముదిరిన రోజున అయిదు లీటర్లు తాగినా ఆశ్చర్యం లేదు. నడిచేటప్పుడు మీ వీపున రెండు లీటర్లు చాలు. మిగతావి గాడిదల మీద క్యాన్లలో వస్తాయి, దారిలో గెల్తాల దగ్గర నింపుకుంటారు. గెల్తా అంటే వాన నీళ్లు నిలిచే రాతి మడుగు. వానలు సరిగా పడని ఏడు కొన్ని గెల్తాలు అడుగంటుతాయి. అందుకే దారి మార్చే స్వేచ్ఛ గైడుకు వదిలెయ్యాలి. "ప్రోగ్రాంలో రాసింది కదా" అని పట్టుబట్టకండి.

గాలి మరీ పొడిగా ఉండి చెమట పుట్టిన చోటే ఆరిపోతుంది. చొక్కా తడవదు, దాహమూ తెలియదు. సాయంత్రానికి తలనొప్పి, చిరాకు, ముదురు రంగు మూత్రం కనిపిస్తేగానీ నీళ్లు తక్కువయ్యాయని తట్టదు. దాహం కోసం చూడకుండా ఇరవై నిమిషాలకోసారి నాలుగు గుక్కలు తాగండి. అలాగని ఉప్పు ఊసు లేకుండా గటగటా లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. దానికీ తలనొప్పి, వాంతి, తికమకే లక్షణాలు కాబట్టి చాలామంది నీరసమనుకుని ఇంకా నీళ్లు పోస్తారు. భోజనంలో ఉప్పు తగ్గించకండి. రోజుకో ఓఆర్ఎస్ పొట్లం లీటరు నీళ్లలో కలుపుకోండి. పొట్లాలు అయిపోతే లీటరు నీళ్లకు ఆరు టీ చెంచాలు చక్కెర, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి.

గెల్తా నీళ్లు తేటగా కనిపించినా నేరుగా తాగొద్దు. గాడిదలూ మేకలూ అందులోనే తాగుతాయి. ముందు మడత పెట్టిన బట్టతో వడకట్టి, తర్వాత క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగండి. వరస ముఖ్యం, మురికి ఉంటే క్లోరిన్ దాని మీదే ఖర్చైపోతుంది. నీళ్లు చల్లగా ఉంటే గంట ఆగాలి. తెర్లేలా ఒక నిమిషం కాచినా సరిపోతుంది గానీ అక్కడ కట్టెలు కరువు. గెల్తాలో సబ్బు పెట్టి స్నానం చేయడం, దాని ఒడ్డునే గుడారం వేయడం రెండూ తప్పు. మనుషులు కూర్చున్న చోటికి రాత్రి జంతువులు నీళ్లకు రావు.

ప్రశ్న: మొదటిరోజు ఎక్కుడు చాలా కష్టమని విన్నాం. నిజమేనా?

పీఠభూమి మీదికి ఎక్కే తఫిలాలెత్ దారి గురించైతే నిజమే. అయిదారు వందల మీటర్ల ఎత్తు, మూడు అంచెల్లో. అక్కడి వాళ్లు ఒక్కో ఎక్కుడును 'అక్బా' అంటారు. అంచెకూ అంచెకూ మధ్య చదును వస్తుంది. అయిపోయిందనుకునేసరికి ఇంకో గోడ కనిపిస్తుంది. జీపు దిగగానే, ఎండ రాకముందే మొదలుపెట్టండి. మాట్లాడుతూ నడవగలిగేంత నెమ్మదిగా పోతే నాలుగైదు గంటల్లో పైన తమ్రిత్ అనే చోటి వైపు తేలతారు. అక్కడ సహారా సైప్రస్ చెట్లు కనిపిస్తాయి. సహజంగా పెరిగినవి రెండు మూడు వందలకు మించి మిగల్లేదంటారు. ఎండిందే అయినా వాటి కొమ్మ పొయ్యిలో పెట్టనివ్వొద్దు.

పొరపాటు జరిగేది మూట దగ్గర. గాడిదలు మీతో పాటు నడవవు, సాయంత్రం దాకా పెద్ద సంచి మీకు దొరకదు. కాబట్టి నీళ్లు, తిండి, జాకెట్టు, తల దీపం, మందులు చిన్న సంచిలోనే ఉండాలి. పెద్ద సంచి గుడ్డది కావాలి, 12 కిలోలు దాటకూడదు. చక్రాల సూట్‌కేసు గాడిద డొక్కను గీరేస్తుంది.

దిగేటప్పుడు మోకాళ్లూ కాలిగోళ్లూ దెబ్బతింటాయి. ముందురోజే గోళ్లు తీసుకుని, చీలమండ దగ్గర లేసును బిగించి ముడివేస్తే పాదం ముందుకు జారదు.

ప్రశ్న: అయిదారేళ్ల క్రితం కొన్న మంచి ట్రెకింగ్ బూట్లున్నాయి, ఎక్కువ వాడలేదు. అవి చాలవా?

వాడకపోవడమే ఇక్కడ సమస్య. చాలా బూట్లలో పాదానికీ అడుగు రబ్బరుకూ మధ్య పాలీయూరేథేన్ మెత్త ఉంటుంది. అలమరాలో ఉన్నా గాలిలో తేమకు అది లోలోపల పొడిపొడిగా చిట్లిపోతుంది. పైకి కొత్తగా కనిపిస్తూనే రెండోరోజు అట్ట మొత్తం ఊడొస్తుంది. బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి, పగుళ్లు కనిపించినా పొడి రాలినా పక్కన పడేయండి. కొత్తవైతే కనీసం 50 కిలోమీటర్లు తొడుక్కుని నడిచాకే తీసుకెళ్లండి. జాలీ గుడ్డ బూట్లు తేలికే గానీ సన్న ఇసుక వాటిలోంచి లోపలికి దిగుతుంది, మేజోడులో చేరి తోలు ఒరుస్తుంది. పాదంలో ఎక్కడైనా వేడిగా అనిపించిన క్షణమే ఆగి టేపు అంటించండి. బొబ్బ లేచాక చేసేది తక్కువ.

ప్రశ్న: ఎడారికి మందపాటి స్లీపింగ్ బ్యాగు ఎందుకు?

డిసెంబరు, జనవరి రాత్రుల్లో పీఠభూమి మీద సీసాలో నీళ్లు గడ్డకడతాయి కాబట్టి. 'కంఫర్ట్' అంకె, అంటే హాయిగా నిద్రపట్టే చలి హద్దు, మైనస్ 5 డిగ్రీలు ఉన్నది తీసుకోండి. సంచి మీద పెద్దక్షరాల్లో ఉండేది చాలాసార్లు 'లిమిట్' అంకె, అంటే ముడుచుకుని ఎలాగో ఓర్చుకోగల చలి హద్దు, దాన్ని నమ్మితే తెల్లారేదాకా జాగరణే. కింద నురుగు చాప పరవండి. గాలి పరుపు హాయిగానే ఉంటుంది గానీ తుమ్మజాతి ముల్లు ఒక్కటి చాలు దానికి. ఫోను, బ్యాటరీలు స్లీపింగ్ బ్యాగు లోపల పెట్టుకోండి.

గుడారం వాగు ఇసుకలో వేయొద్దు, ఎంత మెత్తగా ఉన్నా సరే. ఎక్కడో పడిన వాన మీకు కనపడకుండా వాగులో వచ్చేస్తుంది. పొద్దున్నే బూట్లు దులిపి తొడుక్కోండి. తేలు కుట్టినా, కొమ్ముల రక్తపింజర కరిచినా కొయ్యడం, పీల్చడం, తాడు బిగించడం వద్దు. ఆ అవయవం కదలకుండా కట్టి, మనిషిని నడిపించకుండా గాడిద మీద కిందికి దించాలి. పైన సెల్ సిగ్నల్ ఆశ పెట్టుకోకండి. ఆపదలో అక్కణ్నుంచి తరలించే ఖర్చు ఇచ్చే బీమా కావాలనేది ఇందుకే.

ప్రశ్న: తస్సిలిలోని ప్రాచీన రాతి చిత్రాలు వెలిసిపోయి ఉంటాయట, కాస్త నీళ్లు చల్లితే రంగు తేలుతుందని ఒకరు చెప్పారు.

చల్లకండి. 1956లో ఫ్రెంచి పరిశోధకుడు ఆన్రీ లోత్ బృందం ఆ చిత్రాల నకళ్లు గీయడానికి చేసింది అదే. ఆ తడి వల్ల రంగులు చెడ్డాయన్నది ఆయన మీద ఇప్పటికీ ఉన్న విమర్శ. ముట్టుకోవద్దు, ఫ్లాష్ వద్దు. నీడ సమానంగా పడినప్పుడు ఫోటో తీస్తే రంగు బాగా పడుతుంది. నేలమీద దొరికే రాతి పనిముట్లు, బాణపు మొనలు జేబులో వేసుకుంటే నేరం. 1998 నాటి వారసత్వ చట్టం సరదాకు తెచ్చుకున్నామంటే ఒప్పుకోదు.

ప్రశ్న: శాకాహారులం. తిండి దొరుకుతుందా?

దొరుకుతుంది. రవ్వ పిండిని నిప్పుల కింద ఇసుకలో కాల్చిన తగెల్లా రొట్టె, కూరగాయల కుస్కుస్, పప్పు, ఖర్జూరాలు ఉంటాయి. ఏజెన్సీతో "మాంసం వద్దు" అంటే ముక్కలు తీసేసి అదే పులుసు వడ్డించొచ్చు. మాంసంతో కాచిన నీళ్లు కూడా వద్దని విడమరిచి చెప్పండి. తాజా కూరలు మొదటి మూడు నాలుగు రోజులే.

ప్రశ్న: కాళ్లు అలవాటు పడడానికి ముందు చిన్న నడక ఏదైనా ఉందా?

జానెత్ నుంచి ఎస్సెందిలెన్ లోయకు వెళ్లండి. చివర గెల్తా, దారంతా నీడ, లోయలో ఒక్కపూట నడక. అక్కడ విరగబూసే చెట్టు గన్నేరు. టీ కలపడానికీ రొట్టె గుచ్చడానికీ ఆ పుల్ల విరవకండి, పొయ్యిలోనూ పెట్టకండి.