మెదడు నమూనా తీస్తారా, కడతారా?

సందేహం: మా అమ్మాయి ఐఐటీ మద్రాసులో మెదడు మీద పరిశోధన చేస్తోంది. కంప్యూటర్లో మోడల్ తయారుచేసే పని. మా అత్తగారికి ఉత్తరం రాస్తూ 'మెదడు నమూనాల మీద పని చేస్తోంది' అన్నాను. 'ఎవరి మెదడు కోస్తున్నారే?' అని ఆవిడ ఒకటే టెన్షన్. నమూనా తప్పా? 'కంప్యూటర్ నమూనా' అంటే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

సమాధానం: మీ మాటా తప్పు కాదు, ఆవిడ కంగారూ తప్పు కాదు. పారసీ నుంచి వచ్చిన 'నమూనా'కు రెండర్థాలూ ఉన్నాయి. రక్త నమూనా రక్తంలోంచి తీసినది, ఇంటి నమూనా ఇంటిని పోలినది. ఆ తేడా సమాసంలో కనబడదు, క్రియ వస్తేనే తేలుతుంది. తీస్తే శాంపిల్, తయారుచేస్తే మోడల్. మీ వాక్యంలో ఆ క్రియే లేదు. 'మాదిరి' అందామంటే, మీ ఊళ్లో తమిళులు రక్తం శాంపిల్‌నీ మాదిరి అనే అంటారు! బియ్యం కొట్లో 'మచ్చు' ఉంది గానీ, రక్తం మచ్చు అని ఎవరూ అనరు.

రెండర్థాలూ ఒకేచోట కలిసిన కథ ఒకటుంది. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇంగ్లండు శాస్త్రవేత్తలు స్క్విడ్ నుంచి, అంటే మీ కాసిమేడు చేపల రేవులో కణవాయ్ అని పిలిచే సముద్రజీవి నుంచి, కంటికి ఆనేంత లావు నాడీతంతువును తీశారు. అది మొదటి నమూనా. దానిలో విద్యుత్తు ఎలా పుట్టి సాగుతుందో 1952లో సమీకరణాలుగా రాశారు. అది రెండోది. 1963లో నోబెల్ తెచ్చింది ఈ పనే.

మీ రెండో ప్రశ్నకు జవాబూ ఇందులోనే ఉంది. అప్పుడు కేంబ్రిడ్జ్ కంప్యూటర్ అందుబాటులో లేక, హక్స్‌లీ చేత్తో తిప్పే యంత్రం మీద ఆ లెక్కలు కట్టాడు. కాబట్టి ఇక్కడ ముఖ్యం లెక్క, కంప్యూటర్ పనిముట్టే. పైగా 'కంప్యూటర్ నమూనా' అంటే అట్టతో చేసిన కంప్యూటర్ బొమ్మ అనుకోవచ్చు. కొందరు 'గణన నమూనా' అంటారు. నాకైతే జనగణన వాళ్లు గుమ్మంలోకి వచ్చినట్టుంటుంది. 'గణిత నమూనా' మేలు, ఉత్తరంలో అయితే 'లెక్కల నమూనా'. ఇక 'సమాచార సంసాధనం' (ఇన్ఫర్మేషన్ ప్రాసెసింగ్) వంటి బరువు మాటలు ఇంటికి రాసే ఉత్తరంలో వద్దు.

అత్తగారికి ఇలా రాయండి: 'కంటికీ చెవికీ అందినదాన్ని మెదడు ఏం చేసుకుంటుందో లెక్కల్లో కట్టి, కంప్యూటర్లో నడిపి చూస్తోంది. కోత ఏమీ లేదు.'