గీషా కాఫీ మొక్కలకు కాపు తక్కువ, మల్లె వాసనా లేదు

మీ నాలుగేళ్ల గీషా కాఫీ మొక్కలు పక్కనున్న కటువాయ్ (ఇంకో కాఫీ రకం) కంటే చాలా తక్కువ కాస్తున్నాయనీ, కప్పులో గీషాకు పేరు తెచ్చిన ఆ మల్లె వాసన అసలు రాలేదనీ రాశారు కదా, మొదటిదానికి టెన్షన్ పడకండి, గీషా తత్వమే అంత. పొడుగ్గా పెరుగుతుంది, కణుపులు దూరదూరంగా ఉంటాయి, ఎరువు రెట్టింపు చేసినా కటువాయ్ దిగుబడి రాదు.

అసలు సమస్య రెండోది. మీ తోట 1,000 మీటర్ల ఎత్తులోనే ఉందన్నారు. ఈ రకం ఇథియోపియాలో పుట్టి టాంజానియా, కోస్టారికా మీదుగా 1960లలో పనామా చేరింది, అదీ ఆకు తుప్పు తెగులును తట్టుకుంటుందని నాటారు గానీ రుచి కోసం కాదు. పనామాలోని బోకెటేలో ఉన్న లా ఎస్మెరాల్డా తోటవాళ్లు ఎత్తైన చోట కాసిన కాయల్ని విడదీసి రుచి చూశాకే దాని అసలు రుచి ఎత్తులోనే వస్తుందని తేలింది, ఆ కాఫీ 2004లో అక్కడి కాఫీ పోటీ గెలిచింది. చల్లదనంలో కాయ నిదానంగా పండటమే ఇందులో పెద్ద కిటుకు.

ఎత్తు ఎలాగూ మార్చలేరు, కాబట్టి నీడ కాస్త పెంచి, బాగా పండిన కాయలే ఏరి, కటువాయ్‌తో కలపకుండా విడిగా ఆరబెట్టండి. వేయించడం లేతగానే ఆపండి, ముదిరితే ఉన్న కాస్త వాసనా పోతుంది. అన్నట్టు విత్తనం ఎక్కడిదో ఆరా తీయండి, గీషా పేరుతో వేరే రకాలు కూడా తిరుగుతున్నాయి.