ఒక్కడినే చూసుకునే ఓపెన్ సోర్స్ ప్యాకేజీకి బిల్డ్ ఆటోమేషన్ కావాలా?

కావాలి. బిల్డ్ అంటే రాసిన కోడ్‌ను జనం వాడుకునే ప్రోగ్రాముగా మార్చడం, ఆ పని మెషీనే చేసుకుంటే ఆటోమేషన్. జీతాలిచ్చి పదిమందిని పెట్టుకున్న కంపెనీకన్నా, తీరిక దొరికినప్పుడు కూర్చునే మనలాంటివాళ్లకే ఎక్కువ కావాలి. "ఏడాదికి రెండు రిలీజులు, చేత్తో చేసుకుంటే సరిపోదా" అని అడిగారు. నేనూ నాలుగేళ్లు అలాగే అనుకున్నాను.

నాది 'అను' అనే తెలుగు ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్లను, అన్ని కంప్యూటర్లూ చదివే యూనికోడ్‌లోకి మార్చే పైథాన్ ప్యాకేజీ. లోపల కొంత సీ కోడ్ ఉంది కాబట్టి విండోస్‌కి, లినక్స్‌కి వేరువేరుగా కంపైల్ చేయాలి. వాడేది ఎక్కువగా విజయవాడ, గుంటూరు డీటీపీ వాళ్లు. 2024 ఆగస్టు చివర్లో గుంటూరు అరండల్‌పేట నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. "బాబూ, కొత్త వెర్షన్ వేసుకున్న కాణ్ణించి ర వత్తు ఎగిరిపోతోంది. ప్రకాశం కాస్తా పకాశం అవుతోంది. 200 పేజీల పుస్తకం, ఎక్కడని దిద్దను?" తప్పు ఒక్క వరసలోనే. శనివారం రాత్రి, బయట కుండపోత వాన, సరిచేసి, కోడ్ మార్పుల లెక్క ఉంచే గిట్‌లో పెట్టేశాను. "పొద్దున్నే బిల్డ్ చేసి పెడతాను బాబాయ్" అన్నాను.

ఆ పొద్దున, సెప్టెంబర్ 1న, బుడమేరు వాగు వరద విజయవాడ సింగ్ నగర్ మీద పడింది. మాది కింది వాటా. అమ్మను, బియ్యం బస్తాను, సర్టిఫికెట్ల ఫైలును మేడ మీదికి చేర్చేసరికి నడుంలోతు నీళ్లు. సీపీయూ టేబుల్ కిందే ఉండిపోయింది. నీళ్లు తీశాక మూత విప్పితే మదర్‌బోర్డు మీద వేలిమందాన బురద, ఫ్యాన్ రెక్కల మధ్య గడ్డి. హార్డ్ డిస్క్ ఇక తిరగలేదు.

కోడ్ గిట్‌లో భద్రంగానే ఉంది. అక్షరాల పట్టిక తయారుచేసే స్క్రిప్టు మాత్రం అందులో ఎక్కించలేదు. కంపైలర్‌కు ఏ ఆప్షన్లు ఇచ్చేవాణ్ణో ఎక్కడా రాసి పెట్టలేదు. ఒక్క వరస దిద్దుబాటు జనానికి చేరడానికి 23 రోజులు పట్టింది. ఈలోపు ఆ పుస్తకంలో ర వత్తులన్నీ బాబాయ్ కూతురు రాత్రిళ్లు కూర్చుని పెట్టిందట. అది విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

గుంటూరులో ఉండే మా జూనియర్ ఒకడు "అన్నా, ఇక నీ మెషీన్ మీద బిల్డ్ చేయొద్దు" అని పూనుకున్నాడు. ఇప్పుడు గిట్‌లో వెర్షన్ నంబరు గుర్తు (ట్యాగ్) పడగానే, ఆన్‌లైన్‌లో బిల్డ్ చేసిపెట్టే గిట్‌హబ్ యాక్షన్స్‌లో కొత్త మెషీన్లు లేస్తాయి. సీఐబిల్డ్‌వీల్ అనే టూల్ విండోస్‌కి, లినక్స్‌కి, మ్యాక్‌కి విడివిడిగా బిల్డ్ చేస్తుంది, టెస్టులు పాసైతేనే పైథాన్ ప్యాకేజీలు దొరికే పైపీఐకి వెళ్తుంది. పైపీఐలో 2023లో వచ్చిన ట్రస్టెడ్ పబ్లిషింగ్ పుణ్యమా అని, పాస్‌వర్డులాంటి అప్‌లోడ్ టోకెన్ ఇంట్లో దాచుకునే పనీ లేదు.

మొదటి రాత్రి 11 సార్లు ఫెయిలైంది. వాటిలో ఒకటి చెప్పాలి. వాడేవాళ్లు ఇచ్చుకునే సొంత పదాల జాబితాను తెరిచేచోట, అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి (ఎన్‌కోడింగ్) యూటీఎఫ్-8 అని నేను రాయలేదు. లినక్స్‌లో నడిచిపోయేది. విండోస్‌లో వత్తున్న మొదటి మాట తగలగానే కూలింది. వత్తు రాయాలంటే కంప్యూటర్ లోపల పొల్లు గుర్తు పడుతుంది. ఆ పొల్లుకు యూటీఎఫ్-8లో మూడు బైట్లు, చివరిది 8డి. అక్కడ విండోస్ వాడిన పాత 1252 అక్షరాల పట్టికలో ఆ గడి ఖాళీ. విండోస్‌కి బిల్డ్ చేసేవాణ్ణి గానీ అక్కడ టెస్టులు ఏనాడూ నడపలేదు. "జాబితా ఎక్కట్లేదండీ" అన్నవాళ్లను ఫైలు చెడిపోయిందేమో చూసుకోమని పంపేశాను.

లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ వాళ్లు, సొంత మెషీన్ మీద బిల్డ్ చేయడం మంచిది కాదని ఎప్పుడో గ్రహించారు. 2019లో డెబియన్ 10 వచ్చాక, ప్యాకేజీ చూసుకునే మెయింటెయినర్ తన మెషీన్‌లో బిల్డ్ చేసిన ఫైలు (బైనరీ) తర్వాతి రిలీజులోకి పోకూడదన్నారు. సోర్స్ పంపితే వాళ్ల మెషీన్లే బిల్డ్ చేస్తాయి. 2024 మార్చిలో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ ప్రోగ్రామ్ వెర్షన్లు 5.6.0, 5.6.1లలో దొంగ కోడ్ బయటపడింది కదా, దాన్ని నడిపించే ముక్క గిట్‌లో లేదు, విడుదల చేసిన సోర్స్ మూట, అంటే టార్‌బాల్‌లోనే ఉంది. గిట్ నుంచి మెషీనే టార్‌బాల్ చేసి ఉంటే ఆ ఎత్తు పారేది కాదని నా గట్టి నమ్మకం.

ఇంకో మాట. వేల పేజీలు నా ప్యాకేజీతోనే మార్చుకున్న ఒక ప్రచురణ సంస్థ, వరద వారంలో "ఎప్పుడిస్తారు" అని మూడు మెయిళ్లు పెట్టింది. ఒక గంట సాయానికి ఒక్క మనిషినీ పంపలేదు. మనల్ని ఆదుకునేది మన స్క్రిప్టులే, ఇవాళే గిట్‌లో పెట్టండి.

మొన్న సంక్రాంతికి సిగ్నల్ లేని ఊళ్లో ఉన్నాను. ఎవరో బగ్ చెబితే ఆ గుంటూరు జూనియరే సరిచేసి ట్యాగ్ వేశాడు. "కొత్తది వేసుకున్నాను, బాగుంది బాబూ" అని బాబాయ్ పెట్టిన వాట్సాప్ తిరుగు ప్రయాణంలో బస్సులో చూశాకే రిలీజ్ అయిందని నాకు తెలిసింది.