లైట్లు ఆపగానే తేమ 90 ఎందుకు దాటుతోంది

లైట్ల కింద మొక్కలు పెంచే మీ గదిలో పగలు 60 శాతం ఉన్న తేమ రాత్రి లైట్లు ఆపాక 90 దాటుతోందని, తులసి ఆకుల కింద బూజు పడుతోందని రాశారు కదండీ. టెన్షన్ వద్దు, మీ తేమ కొలిచే మీటర్ పాడవలేదు. గాలి చల్లబడితే ఉన్న ఆవిరికే తేమ శాతం పెరుగుతుంది. 30 డిగ్రీల్లో 60 శాతం ఉన్న గాలి 24కి దిగితే చాలు, దాదాపు 85 అవుతుంది. మిగతాది మీరు సాయంత్రం పోసే నీళ్లు.

ముందు నీళ్లు పొద్దున లైట్లు వేశాక పోయండి. కుండీల కింద పళ్లాల్లో నిలిచిన నీళ్లు పారబోయండి. చిన్న ఫ్యాన్ రాత్రంతా తిరగాలి, ఆకులు కొద్దిగా కదిలితే చాలు. విశాఖలో వానాకాలం కిటికీ తెరిస్తే మాత్రం బయటి తేమంతా లోపలికే!

ఏసీ మీద ఆశ పెట్టుకున్నారు కానీ, గది చల్లబడగానే కంప్రెసర్ ఆగిపోతుంది, తేమ లాగడమూ ఆగుతుంది. నేనూ అలాగే ఒక సీజన్ పుదీనా పోగొట్టుకున్నాను. ఏసీని డ్రై మోడ్‌లో, అంటే తేమ లాగే సెట్టింగ్‌లో పెట్టి చూడండి. అప్పటికీ 70 దిగకపోతే డీహ్యుమిడిఫయర్, అంటే గాలిలో తేమ లాగే యంత్రం కొనాల్సిందే. దాని బకెట్ రోజూ ఖాళీ చేయాలి, నిండితే దానంతటదే ఆగిపోతుంది.

మీటర్‌ను లైటు కింద కాకుండా ఆకుల ఎత్తులో, నీడలో వేలాడదీయండి.